కర్రి చెవి

28 మార్చి 2023

ఒకే పేపర్లో రెండు వార్తలు. కూనోలో నమీబియా నుంచి తెచ్చిన చీతా ఒకటి పోయింది. సాశా. మూత్రపిండాల జబ్బు. ఇంకో పేజీలో కర్నాల్ జాతీయ డెయిరీ పరిశోధన సంస్థలో గిర్ పెయ్య. క్లోన్. ఈ నెల 16న పుట్టిందట. 32 కిలోలు. పేరు గంగ. ఎనుములను 2009లోనే చేశారు. గిర్ ఆవును చేయడం దేశంలో ఇదే మొదలు.

పొద్దున కర్రి తనంతట లేవలేదు. అమ్మ తోక దగ్గర, నేను భుజం దగ్గర పట్టి లేపాం. లేచాక మా వైపు చూడకుండా తల తిప్పుకుంది. పద్దెనిమిదేళ్ళు. నాటావుకైనా ఎక్కువే.

క్లోన్ చేయడానికి చెవి అంచు నుంచి చిన్న ముక్క చాలట.

కర్రి చెవి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వెచ్చగా, పల్చగా. ఎండకు ఎదురుగా పెడితే నరాలు కనబడతాయి.

నాయన ఉంటే ఏమనేవాడు?

1 ఏప్రిల్

రాత్రి పన్నెండు దాకా చదువుతూనే ఉన్నాను. కర్నాల్ వాళ్ళ పద్ధతిలో కోట్ల యంత్రం అక్కర్లేదు. అండం పైపొరను మందుతో కరిగిస్తారు. సూక్ష్మదర్శిని కింద సన్నని బ్లేడుతో, చేత్తోనే, కేంద్రకం ఉన్న వైపు కోసి తీసేస్తారు. ఒక మనిషి చెయ్యి, ఒక బ్లేడు. అంతే. ఆ చేతికి ఎంత నిదానం ఉండాలి...

ఖాళీ అయిన అండానికి ఒంటి కణాన్ని అంటిస్తారు. కరెంటు తగిలిస్తే రెండూ కలిసి ఒకటవుతాయి. అప్పటిదాకా చర్మంగా ఉన్న కణం ఆ పని వదిలేసి మొదటికి పోతుంది. ఎముక, కొమ్ము, పొదుగు, అన్నీ మళ్ళీ చేయడం మొదలుపెడుతుంది.

పద్దెనిమిదేళ్ళ చెవికి కూడా అది చేతనవుతుందా? టెక్సాస్‌లో ఇరవై ఒక్కేళ్ళ ఎద్దు నుంచి చేశారట. అయితే అవుతుంది.

నిద్ర రావడం లేదు.

6 ఏప్రిల్

చైత్ర పౌర్ణమి. గుడి దగ్గర మనిషి మీద మనిషి. వదిన తలస్నానం చేసి, తడి జడతోనే నాగరాళ్ళ చుట్టూ తిరిగింది. నేను చెంబు పట్టుకుని వెనకాల. ఎన్ని వేల రాళ్ళో. ఒక్కో రాయి ఒక్కో ఇంటి కోరిక. పసుపు మీద పసుపు పడి కొన్నిటికి పడగలే తెలియడం లేదు.

ఇక్కడ విదురుడు నాటాడని చెప్పే పెద్ద అశ్వత్థం 2001లో కూలింది. అమ్మ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. నాయన పోయినంత పని చేసింది, నాయన ఎదురుగానే కూర్చుని ఉండగా.

చెట్టుకైతే ఎంత సులువు. శ్రీలంక అనురాధపురంలో ఉన్నది బుద్ధగయ రావి కొమ్మే అంటారు. సంఘమిత్ర తీసుకుపోయి నాటించింది. గయలో అప్పటి చెట్టు పోయింది. కొమ్మ మాత్రం రెండు వేల ఏళ్ళు దాటి అక్కడ బతికే ఉంది. విరిచి మట్టిలో పెడితే అదే చెట్టు.

"ఏం ఆలోచిస్తాండావు పాపా?" అంది వదిన.

ఏమీ లేదన్నాను.

14 ఏప్రిల్

పశువుల డాక్టరు వచ్చారు. కర్రి మోకాళ్ళు, పళ్ళు చూశారు. క్యాల్షియం ఎక్కించారు. సంచి సర్దుకుంటుండగా అడిగేశాను. సార్, చెవి ముక్క తీసి దాచొచ్చా?

ఆయన నవ్వలేదు. తీయొచ్చమ్మా అన్నారు. తీసిన ముక్కను చల్లగా ఉంచి తొందరగా ల్యాబుకు చేర్చాలి. అక్కడ కణాలు పెంచి ద్రవ నత్రజనిలో పెడతారు, మైనస్ 196 డిగ్రీల్లో. మళ్ళీ తీసేదాకా అట్లే ఉంటాయి. కర్నాల్‌లోనే పశు జన్యు వనరుల బ్యూరో ఉంది, దానికి జీన్ బ్యాంకు ఉంది. కానీ అది జాతి పశువులకు. రోజుకు రెండు లీటర్లిచ్చే పేరులేని నాటావుకు ఎవరు చోటిస్తారు?

"పేరుంది కదా సార్."

"ఇంటి పిలుపు కాదమ్మా. జాతి పేరు."

ఆయన వెళ్ళాక కర్రి ముందు కుడితి పెట్టాను. సగం తాగి వదిలేసింది.

3 మే

వదిన బెంగళూరు నుంచి వచ్చింది. అండాలు తీశారు. మత్తు ఇచ్చారంట, అయినా బస్సు మెట్లు పట్టుకుని మెల్లగా దిగింది. ఇన్ని రోజుల సూదులకు పొట్ట ఉబ్బి ఉంది.

సాయంత్రం నా ఫోన్ తీసుకుని గంగ కథ తనే చదివింది. గంగకు అండం సాహివాల్ ఆవుది. కబేళా నుంచి తెచ్చినది కాదు. బతికున్న ఆవుల నుంచి, అల్ట్రాసౌండులో చూస్తూ, సూదితో తీశారు. వదిన అక్కడ ఆగింది. ఫోన్ నా చేతికి ఇచ్చేసింది.

"నాకైతే ఎందుకో తెలుసు పాపా. వాటికి చెప్పేవాళ్ళెవరు?"

నేనేం చెప్పాలి.

గంగ ఫొటోలు ఎన్ని చూశానో. ఆ సాహివాల్ ఆవు ఫొటో ఒక్కటీ చూడలేదు. గంగను మోసి ఈనిన ఆవుదీ చూడలేదు. వెతికాను కూడా.

17 మే

277.

డాలీ కోసం స్కాట్లాండ్ రోస్లిన్‌లో కలిపిన జతలు. ఒక్కో అండం, ఒక్కో పొదుగు కణం. వాటిలో పెరిగి పిండాలైనవి 29. పదమూడు గొర్రెల్లో పెట్టారు. 1996 జూలై 5న పుట్టింది ఒక్కటి.

కర్నాల్‌లో మొదటి ఎనుము దూడ సమరూప. 2009 ఫిబ్రవరి 6. వారం కూడా బతకలేదు, ఊపిరితిత్తులు. ఆ జూన్‌లో గరిమ. రెండేళ్ళు దాటాక గుండె ఆగింది. కడుపులో ఉండగానే జారిపోయేవి చాలా. కొన్ని దూడలు మరీ పెద్దవై తల్లికి కాన్పు కష్టం. కొన్నిటికి పుట్టాక ఊపిరి అందదు.

కర్రికి ఒక ఈతలో దూడ పోయింది. నాయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. 277 అంటే ఏమంటాడో, ఊహకు కూడా అందడం లేదు.

కానీ సమరూప పక్కన కూడా ఎవరో ఒకరు రాత్రంతా కూర్చునే ఉంటారు. నాయన లాగే. ఈ మాట నాకు నేను చెప్పుకోవాలి.

26 మే

కూనోలో చీతా పిల్లలు మూడు పోయాయి. పుట్టి రెండు నెలలు. ఎండ. ఇక్కడ పెన్న ఇసుక మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం.

హైదరాబాదు సీసీఎంబీ వాళ్ళు చీతాను క్లోన్ చేద్దామనుకున్నారు ఒకప్పుడు. లాల్జీ సింగ్ డైరెక్టరుగా ఉన్న రోజుల్లో. ఆసియా చీతాలు ఇరాన్‌లోనే మిగిలాయి. ఒక జతనో, కణాలనో ఇమ్మని అడిగారు. ఇరాన్ ఇవ్వలేదు. అత్తాపూర్‌లో అంతరించే జంతువుల కోసం ల్యాబు కట్టారు, లాకోన్స్. అక్కడ 2006లో కృత్రిమ గర్భధారణతో చుక్కల దుప్పి పిల్ల పుట్టింది. వీర్యంతో, మామూలు దారిలో. దానికి స్పాటీ అని పేరు పెట్టారు.

ఇరాన్ ఇచ్చి ఉంటే?

ఒక చీతా. మళ్ళీ అదే చీతా. మళ్ళీ అదే. అది చీతాల గుంపు అవుతుందా...

12 జూన్

బడి తెరిచాక మొదటి మంచి రోజు. తొమ్మిదో తరగతికి కణం పాఠం. బోర్డు మీద గంగను వేశాను. ఇటు గిర్, అటు సాహివాల్, కింద సంకరావు.

వెనక బెంచీ పిల్ల లేచింది. "మిస్, దానికి అమ్మెవరు?"

గిర్ అన్నారు కొందరు. ముందు బెంచీ పిల్లవాడు ఒప్పుకోలేదు, అది అమ్మ కాదు, కవల అక్క అన్నాడు. నిజమే. అండంలో మిగిలే మైటోకాండ్రియా సాహివాల్‌ది కదా మిస్ అని ఇంకొకరు. అదీ నిజమే. మోసింది సంకరావు. గోలగోల.

ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది. "పుట్టినాక నాకిందెవరు మిస్?"

ఎవరూ మాట్లాడలేదు.

హెచ్. నరసింహయ్య గారు పుట్టిన హోసూరు మా తాలూకాలోనే. ఎందుకని అడగడం నేర్చుకోమని జీవితమంతా పిల్లలకు చెప్పిన మనిషి. ఈ పిల్లను ఆయన చూసి ఉండాల్సింది.

25 జూన్

కర్రి ఎడమ చెవికి చిరుగు ఉంది. పెయ్యగా ఉన్నప్పుడు పక్క తోట ముళ్ళకంచెలో దూరింది. నాయన పసుపు, వేపనూనె రాశాడు. చిరుగు చిరుగులాగే ఉండిపోయింది.

ఈ చెవి నుంచి దూడను చేస్తే దాని చెవికి చిరుగు ఉండదు. నిండు చెవి.

నుదుటి మీద తెల్లమచ్చ అక్కడే వస్తుందనీ లేదు. టెక్సాస్‌లో 2001లో పిల్లిని చేశారు. కణమిచ్చిన పిల్లి మూడు రంగులది. పుట్టిన పిల్లకు నారింజ రంగే లేదు. జన్యువులు అవే. ఏ కణంలో ఏది మూతపడిందో, దాన్ని బట్టి రంగు.

కర్రి పాలిచ్చే రోజుల్లో బిందె అడుగున వేలితో రెండుసార్లు కొడితేనే చేపేది. నాయన అలవాటు చేశాడు. దాని చివరి పెయ్య చుక్క పక్కనే కట్టేసి ఉండి ఆ చప్పుడు వింటూ పెరిగింది. సీమ ఎద్దు సూదికి పుట్టింది చుక్క. పొడుగు కాళ్ళు, పెద్ద పొట్ట. కళ్ళు మాత్రం కర్రివి.

ఆ రెండు దెబ్బలు ఏ కేంద్రకంలో ఉంటాయి?

2 జూలై

టెక్సాస్ ఎద్దు కథ అమ్మకు చెప్పాను. దాని పేరు ఛాన్స్. బ్రాహ్మన్ జాతి. మన ఒంగోలు, గిర్ పశువులను తీసుకుపోయి అక్కడ కట్టిన జాతి. పిల్లల్ని వీపున ఎక్కించుకుని ఫొటోలు దిగేంత సాధువు. అది ముసలిదయ్యాక దాని కణంతో 1999లో ఇంకొకటి పుట్టించారు. సెకండ్ ఛాన్స్. అదే రంగు, అదే నడక. పాతది పడుకున్న చోటే పడుకునేదట. యజమాని అదే తిరిగొచ్చిందనుకున్నాడు. నాలుగేళ్ళకు అతన్ని కుమ్మింది. కొన్నాళ్ళకు మళ్ళీ కుమ్మింది, ఇంకా గట్టిగా. అయినా అతను దాన్ని వదల్లేదు.

అమ్మ గడ్డి వేస్తూనే వింది. పాపం అంది.

"అవునమ్మా, చావు తప్పింది ఆయనకు."

"ఆయన కాదు. ఆ ఎద్దు పాపం. ఇంకొకరి మాదిరి ఉండమంటే ఎట్లుంటాది?"

11 జూలై

మూడు పూటలుగా లేవలేదు. పక్క మారుస్తున్నాం. గోనెసంచులు, ఎండుగడ్డి. వదిన చేత్తో నీళ్ళు తాపుతోంది. నాలుక గరుకు తగ్గింది.

రాత్రి అమ్మ కొట్టంలోనే పడుకుంటానంది. నేనూ.

13 జూలై

కర్రి పోయింది. తెల్లవారుజామున. అమ్మ చెయ్యి గంగడోలు మీదే ఉంది.

డాక్టరుకు ఫోన్ చేశాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, చెవి ముక్క తీయాలంటే ఇంకా కొన్ని గంటలు టైముందమ్మా, సీసా తీసుకుని నేనే వస్తా, తెలిసిన ల్యాబులో అడిగి చూస్తా అన్నారు. ఎంత మంచి మనిషి.

వద్దు సార్ అన్నాను.

చేను గట్టున, నాయన పెట్టిన చింత కింద. పసుపు, కుంకుమ, కొత్త గుడ్డ. వదిన పిడికెడు రాగులు వేసింది.

1 ఆగస్టు

నందిని పాలు ఈ రోజు నుంచి లీటరుకు మూడు రూపాయలు ఎక్కువ. సొసైటీ దగ్గర అదే మాట.

అమ్మ బిందె కడిగి బోర్లించింది. వేలితో అడుగున రెండుసార్లు కొట్టింది. తనకే తెలియకుండా. పాలు లేవు, ఈత లేదు. చుక్క తలెత్తి చూసింది.

21 ఆగస్టు

నాగపంచమి. వదిన గుడికి రాలేదు. పోయిన వారం ఆస్పత్రి నుంచి ఫోను. నిలవలేదు. అన్న ఎక్కువ మాట్లాడడం లేదు.

పక్కింటి పెద్దమ్మ వచ్చి అడిగింది, మళ్ళీ చూస్తారా అని. వదిన చుక్క మెడ గోకుతూ ఉండిపోయింది.

క్లోనింగ్ పత్రాల్లో పట్టికలు ఉంటాయి. ఇన్ని అండాలు తీశాం. ఇన్ని కలిశాయి. ఇన్ని నిలిచాయి. వదినకూ అలాంటి లెక్క ఒకటుంది. రాత్రి నాకు చెప్పింది. ఇక్కడ రాయను.

10 సెప్టెంబర్

ఆగస్టంతా చినుకు లేదు. రాగి పైరు మోకాలెత్తు రాకుండానే వడలింది. అందరిళ్ళలో గడ్డి మాటే.

డాలీ కణాన్ని ముందు ఆకలికి పెట్టారు. పోషకం తగ్గించి. ఆకలిలో కణం విభజన ఆపేసి ఊరకుంటుంది. అప్పుడు కలిపితే అండంతో సరిపడుతుంది. కీత్ క్యాంప్‌బెల్‌కు తట్టిన ఆలోచన. ఎంత గొప్ప ఆలోచన. ఈ రోజు దాన్ని మెచ్చుకోవడానికి మనసు రావడం లేదు. కొట్టాల నిండా ఆకలి అరుపులు.

కర్రి ఎండు రాగిగడ్డితోనే కరువులు దాటేది. సీమావుకు పచ్చి కావాలి, బూసా కావాలి, నీళ్ళు కావాలి. పోయినేడు ముద్దచర్మం జబ్బు వచ్చినప్పుడు మా వీధిలో సీమావులే ఎక్కువ పడ్డాయి. కర్రికి రెండు గడ్డలు లేచి అణిగిపోయాయి. కొన్ని మేలు ఎద్దుల వీర్యం స్ట్రాలే ఇంటింటికీ వస్తాయి. మా వీధి ఆవులన్నీ క్లోనింగ్ లేకుండానే అక్కాచెల్లెళ్ళు అయిపోయాయి.

ఒక కర్రిని పది చేసి ఉంటే? పదీ ఒకే జబ్బుకు గట్టివి. ఇంకో జబ్బు వస్తే పదీ ఒకేసారి.

కణాలు దాచాలి. పుంగనూరు ఆవు లాంటివాటివి తప్పకుండా దాచాలి. గడ్డకట్టించిన కణానికి గడ్డి అక్కర్లేదు, నిజమే. కానీ ఈ ఎండను అది నేర్చుకోదు.

8 అక్టోబర్

అమ్మతో చెప్పేశాను. చుక్క ఈసారి ఎదకొస్తే హళ్ళికార్ ఎద్దు సూది వేయిద్దామని.

"పాలు ఎవరిస్తారు? నువ్విస్తావా?"

లెక్క చెప్పింది. సీమ దూడ పెరిగి ఈనితే పూటకు బిందె. సొసైటీ దుడ్డు, పైన సర్కారు ఐదు రూపాయలు. నాటిదైతే ఇంటి కాఫీకి సరి. మీ నాయన ఎద్దులు కట్టి దున్నినాడు, సరే. ఇప్పుడు ట్రాక్టరు దున్నుతాది.

అమ్మ లెక్క సరైనదే. ఒంగోలు పశువులు బ్రెజిల్‌లో ఊళ్ళకు ఊళ్ళు మేస్తున్నాయి, అక్కడ వాటిని నెల్లూరు అనే పిలుస్తారు, మేలైనవాటిని క్లోన్ కూడా చేస్తున్నారు. అక్కడ మాంసానికి పని ఉంది, కాబట్టి ఉన్నాయి. ఇక్కడ పని పోయింది. ఏ ల్యాబు ఆ పనిని తెచ్చిస్తుంది?

కోపంగా లేచి వచ్చేశాను. వెనక నుంచి వదిన గొంతు.

"ఆ దూడను నేను చూసుకుంటా అత్తా."

అమ్మ ఏమీ అనలేదు. చాలాసేపు ఏమీ అనలేదు.

24 నవంబర్

చుక్క రాత్రంతా అరిచింది. పొద్దున తీగ వేసింది. ఆరింటికే డాక్టరుకు ఫోన్ చేశాను.

నత్రజని క్యాను మూత తీస్తే తెల్లటి పొగ. పటకారుతో స్ట్రా తీశారు. అగ్గిపుల్లంత సన్నం. గోరువెచ్చని నీళ్ళలో అర నిమిషం. తుడిచి నాకు చూపించారు. ఎద్దు నంబరు, తేదీ, హళ్ళికార్. వదిన చుక్క తల పట్టుకుంది. అమ్మ వాకిట్లో నిలబడి చూసింది, లోపలికి రాలేదు.

మూడు వారాలు చూడాలి. మళ్ళీ ఎదకు రాకుంటే నిలిచినట్టే. ఏ రంగో, ఏ కొమ్మో, ఎవరి బుద్ధో. ఒక్కటీ ముందే తెలియదు. తెలియకుండా ఉండడం ఇంత బాగుంటుందా?

డాక్టరు వెళ్ళాక అమ్మ అడిగింది. "కోడెదూడ పుడితే?"

ఘాటి పశువుల పరసకు తోలుకుపోదాం, నాయన కోడెల్ని తెచ్చింది అక్కడి నుంచే కదా అన్నాను.

"ఎవరు తోలుకుపోతారు?"

"నేనూ వదినా."

"ముందు గడ్డి చూడు" అంది అమ్మ.

వామిలో గడ్డి సంక్రాంతి దాకా కూడా రాదు. బాగేపల్లి వైపు శనక్కట్టె అమ్ముతున్నారని విన్నాను. రేపు బడి అయ్యాక కనుక్కోవాలి.